యర్ముక్ లోయ లోతు

మదనపల్లె, 11 అక్టోబరు 1942, ఆదివారం

యర్ముక్ యుద్ధం నాలుగోసారి మొదలుపెట్టాను. మద్రాసు కమిటీవాళ్ళు తొమ్మిదో తరగతి తెలుగు చరిత్ర పుస్తకంలో దీనికి రెండు పేజీలు కేటాయించారు. నేను పదకొండు రాసి ఏడు కొట్టేశాను. మిగిలిన నాలుగూ నచ్చలేదు.

క్రీస్తుశకం 636, ఆగస్టు. కొందరు 634 అంటారు. ఒకవైపు కాన్‌స్టాంటినోపిల్ చక్రవర్తి హెరాక్లియస్ పంపిన రోమక సేన, మరోవైపు ఎడారి దాటి వచ్చిన అరబ్బులు. ఆరు రోజుల యుద్ధం. ఆరో రోజుకి రోమక సేనకు వెనక లోయ తప్ప దారి మిగలలేదు. చాలామంది ఆ లోయలో పడి చచ్చిపోయారు. సిరియా చేతులు మారింది. పిల్లలకి ఇంత చాలు. నాకే ఎందుకో చాలడం లేదు.

రోమక సేనలో కొందరు పారిపోకుండా ఒకరినొకరు గొలుసులతో కట్టుకున్నారట. అరబ్బుల వైపు, వెనక్కి పరుగెత్తి వచ్చిన మగవాళ్ళని వాళ్ళ ఆడవాళ్ళే గుడారాల కర్రలు పీకి కొట్టి మళ్ళీ యుద్ధంలోకి తోలారట. రెండూ ఎంతవరకు నిజమో తెలియదు. ఆ సంగతులు రాసినవాళ్ళు చాలా తర్వాతివాళ్ళు. పిల్లలకి మాత్రం ఇవే గుర్తుంటాయి.

లోయ లోతు ఒక్కటీ నా దగ్గర ఖచ్చితంగా ఉంది. నిలువుగా దిగే చోట నూట ఎనభై రెండు అడుగులు. నేను చదివిన ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ లేని అంకె. ఏలీషా పోయినేడు సిరియాలో వంతెనల పని మీద ఉన్నప్పుడు స్వయంగా కొలిచి రాసి పంపాడు. తమ్ముడు అబ్రహాము బతికి ఉంటే కొడుకు చేసిన పనికి ఎంత మురిసేవాడో.

14 అక్టోబరు, బుధవారం

బెంగుళూరు నుంచి ఏలీషా కార్డు. ఈ వారాంతంలో వాళ్ళ దళం రైల్లో మద్రాసు మీదుగా తూర్పుకి పోతుందట. తూర్పు అంటే యుద్ధంలోకేనని ఈ రోజుల్లో ఎవరూ చెప్పక్కర్లేదు.

మలేరియాతో సిరియా నుంచి జూన్‌లో తిరిగొచ్చాడు. నాలుగు నెలలు బెంగుళూరులోనే ఉన్నాడు. బస్సెక్కితే మదనపల్లె ఎంత దూరం. ఒక్కసారీ రాలేదు. సెలవు దొరకలేదని రాశాడు. వంతెనలు కట్టే సాపర్ల పటాలం కదా, పని ఎక్కువేమో.

20 అక్టోబరు, మంగళవారం

బడి నుంచి వచ్చేసరికి వరండా మెట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏలీషా మేనత్తవు నువ్వేనామ్మా?"

అవునన్నాను. తంతి తెచ్చేవాళ్ళు తలపాగా తియ్యరు అని నాకు నేనే చెప్పుకున్నాను.

"నా పేరు రంగప్ప. కుప్పం పక్క పల్లె. మీ పిల్లోడు మా ఇంట్లో ఉండాడు."

"మీ ఇంట్లోనా? వాడు రైల్లో పోవాలే."

"రైలు కుప్పంలో నీళ్ళకి నిలబడింది. దిగినాడు. రైలు పోయింది. ఈయప్ప పోలే."

లోపలికి పిలిచాను. మజ్జిగ ఇచ్చాను. గ్లాసు ఎత్తి గొంతులో పోసుకున్నాడు, పెదవికి తగలనివ్వలేదు. నేను కిరస్తానీదాన్నని కాదు, అలవాటు. ఇట్లాంటివి ఆలోచించే సమయమా అది?

"మావాడు మునికృష్ణ, మీవాడు ఒకే పటాలంలో ఉండిరి. మావాడు పోయినేడు ఆ దేశంలోనే పోయినాడు. తంతిలో ఏదో ప్రమాదం అని రాసినారు. ఎట్ల పోయినాడో సెప్పాలని దిగినాడంట."

"చెప్పాడా?"

"సెప్పినాడు."

ఎట్లా అని అడగబోయాను. ఆయన అప్పటికే లేచి గోడ మీద పటం ముందు నిలబడ్డాడు. "దీంట్లో ఆ దేశం యాడుండాదమ్మా?" సిరియా చూపించాను. ఒక వేలు దాని మీద, మరో వేలు మద్రాసు మీద పెట్టాడు. "జానెడు గూడా లేదే" అన్నాడు.

ఏలీషాని వెంటనే బెంగుళూరు పంపించమన్నాను. రెండు రోజుల ఆలస్యానికి చిన్న శిక్షతో పోతుంది, ఎంత ఆగితే అంత పెద్ద నేరం అవుతుందని విడమరిచి చెప్పాను.

"నేను పొమ్మన్లేనమ్మా. శెనక్కాయ సెట్లు పీకతాండాడు మాతో. మా ఇంట్లో ఆడది ఏడాది తర్వాత రెండు పూటలా సంగటి తింటాండాది. నువ్వొచ్చి సెప్పుకో."

వెళ్తూ గేటు దగ్గర వెనక్కి తిరిగి నన్నొకసారి చూశాడు. ఏదో అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

21 అక్టోబరు

వాడు పటాలంలో చేరింది తన ఇష్టంతో. అది రాసిపెట్టుకోవాలి. 1940 డిసెంబరు. ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చుకుంటూ ఉండేవాడు. బడి హాల్లో సైన్యంవాళ్ళు పటాలంలో చేరమని మీటింగు పెట్టారు. వచ్చిన కెప్టెను ఉపన్యాసాన్ని నేను తెలుగులోకి అనువదించాను, అంతే. లోకంలో చీకటి ముసురుకుంటున్నప్పుడు చదువుకున్న యువకులు ఇంట్లో కూర్చోవచ్చునా అన్నది ఆ కెప్టెను మాట. తెలుగు మాత్రం నాది.

నేను పంపలేదు. వాడే వెళ్ళాడు.

25 అక్టోబరు, ఆదివారం

గుడిలో ప్రతి వారం యుద్ధంలో ఉన్న బిడ్డల పేర్లు చదువుతారు. పేరు రాగానే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడాలి, అందరూ వాళ్ళ కోసం ప్రార్థిస్తారు. పంతొమ్మిది పేర్లు. ఏలీషా పదకొండోది.

లేచాను. "సముద్రముల మీదను, యుద్ధభూముల యందును మా బిడ్డలను కాపాడుము" అని అయ్యగారు ప్రార్థించారు. వాడు ఆ సమయానికి కుప్పం దగ్గర శెనక్కాయలు పీకుతున్నాడు. ఆమెన్ అన్నాను. అబద్ధం ఏముంది ఇందులో? కాపాడమనే కదా అడిగింది.

కుప్పం వెళ్ళలేదు. శుక్రవారం పరీక్ష పేపర్లు, శనివారం బస్సు రాలేదు. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు కదా, ఎప్పుడు ఆగుతుందో తెలియదు.

28 అక్టోబరు, బుధవారం

తొమ్మిదో తరగతిలో యర్ముక్ పాఠం చెప్పి చూశాను, పిల్లలకి ఎట్లా వినిపిస్తుందో తెలుసుకుందామని. గుడారాల కర్రల దగ్గర అందరూ నవ్వారు. ఎవరో వెనక బెంచీ నుంచి "మాయమ్మయితే రోకలి తీసుకొనుండు" అంది. నేనూ నవ్వాను.

ప్రేమకుమారి లేచింది. ఎప్పుడూ మాట్లాడని పిల్ల.

"అమ్మగారూ, వాళ్ళు యాల పారిపోయొచ్చినారో ఆ ఆడోళ్ళు అడగలేదా?"

"అడిగే సమయం కాదది."

"కొట్టేదానికి సమయం ఉండింది గదమ్మగారూ."

కూర్చోమన్నాను. తర్వాత హెరాక్లియస్ వంశవృక్షం వేయించాను బోర్డు మీద. గంట కొట్టేదాకా వేయిస్తూనే ఉన్నాను.

1 నవంబరు, ఆదివారం. పుంగనూరు

జ్ఞానమ్మ దగ్గరికి వచ్చాను. ఏలీషా తల్లి. కొడుకు దగ్గర్నుంచి మూడు వారాలుగా జాబు లేదని కబురు మీద కబురు పంపుతోంది. నిజం చెప్పాలనే వచ్చాను. దారి పొడుగునా మాటలు కూడగట్టుకున్నాను.

"వొదినా, నిజం సెప్పు. వాడికి ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు. బాగున్నాడు. సెలవు మీద ఉన్నాడు."

అంతే. నోట్లో నుంచి వచ్చేసింది. తర్వాత దాన్ని నిలబెట్టడానికి ఇంకా చెప్పాల్సి వచ్చింది: కుప్పం దగ్గర స్నేహితుడి ఇంట్లో ఉన్నాడని, ఆ పిల్లవాడు చనిపోయాడు కనుక వాళ్ళకి తోడుగా కొన్నాళ్ళు ఉంటాడని, తర్వాత ఇక్కడికి వస్తాడని.

"సెలవైతే ముందు తల్లి దగ్గరికి రావాల గదా."

"వస్తాడు. సైన్యం విషయం, మనుషులకి చెప్పకు. ఎవరికీ."

"నేనెవరికి సెప్తా. నాకెవరుండారు." కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ అంది, "వాడు కాంపౌండరు అయ్యుంటే ఈడే ఉండేవాడు. నువ్వు సెప్పినావనే పాయె."

"నేను చెప్పలేదు జ్ఞానమ్మా. మీటింగులో కెప్టెను చెప్పింది తెలుగు చేశాను."

"నువ్వు తెలుగులో సెప్తేనే గదా వాడికి తెలిసింది."



4 నవంబరు

కుప్పం వెళ్ళలేదు.

5 నవంబరు, గురువారం

యర్ముక్ మద్రాసుకి పోస్టు చేశాను. రెండు పేజీలూ పావు. గొలుసుల మాట తీసేశాను, కర్రల మాట ఉంచాను, "చెప్పుకుంటారు" అని చేర్చి. లోతు ఉంచాను. రాసినదంతటిలో నేను నిలబడి సాక్ష్యం చెప్పగలిగిన అంకె అదొక్కటే.

పోస్టాఫీసు నుంచి ఇంటికి, ఇంటి నుంచి మళ్ళీ పోస్టాఫీసుకి నడిచాను. వెనక్కి తీసుకుందామని. సంచి అప్పటికే స్టేషనుకి పోయింది.

8 నవంబరు, ఆదివారం. పుంగనూరు

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఈ రోజు పుంగనూరు గుడిలో కోతపండుగ. జ్ఞానమ్మ రమ్మని కబురు చేస్తే వచ్చాను. బలిపీఠం చుట్టూ రాగి కంకులు, గుమ్మడికాయలు, బెల్లం అచ్చులు. కాళ్ళు కట్టిన కోళ్ళు. ఒక్కొక్కరు తెచ్చిన కానుకనీ, దేనికోసం తెచ్చారో దాన్నీ, అహరోను అయ్యగారు కాగితం చూసి గట్టిగా చదువుతారు. కాన్పు సుఖంగా అయినందుకు, జ్వరం తగ్గినందుకు, ఎద్దు దొరికినందుకు. ఏటా ఇంతే. ఏటా ఇక్కడే కూర్చుని వింటాను. అయినా నాకు తట్టలేదు.

"జ్ఞానమ్మగారు. తమ కుమారుడైన ఏలీషా యుద్ధము నుండి క్షేమముగా వచ్చి కుప్పములో ఉన్నందున, దేవునికి కృతజ్ఞతగా ఒక కోడిపుంజును సమర్పించుచున్నారు."

అందరూ "దేవునికి స్తోత్రం" అన్నారు. కొందరు నా వైపు తిరిగి నవ్వారు. జ్ఞానమ్మ తల వంచుకుని కూర్చుంది, సంతోషంతో.

గుడి బయట పట్టుకున్నాను. "చెప్పొద్దన్నాను కదా."

"మనుషులకి సెప్పొద్దన్నావు, సెప్పలేదు. ఇది దేవుడికి వొదినా. వాడు పటాలంలో చేరి పోయిన రోజునే మొక్కినా, తిరిగొస్తే పుంజు ఇస్తానని. దేవుడి దగ్గర దాస్తే ఎట్ల?"

"కాగితం అయ్యగారు చదువుతారని తెలుసు కదా."

"చదవకుంటే అది కానుక యాడవుతాది?"

తప్పు ఆమెది కాదు. సెలవు అని చెప్పింది నేను. నిజం చెప్పి ఉంటే నోరు కుట్టుకుని ఉండేది.

మధ్యాహ్నం కానుకల వేలం. ఊళ్ళో అన్ని కులాలవాళ్ళూ వస్తారు, గుడి కోళ్ళు బలంగా ఉంటాయని. పుంజుని పాడుకున్నది కానిస్టేబులు వరదరాజులు. రెక్కలు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా టీచరమ్మా, మీవాడు కుప్పంలో దిగినాడంటనే."

పుంజు వైపు చూశాను.

"వారం నుంచి బెంగుళూరు కాగితం నా జేబులో ఉండాది. పట్టి పంపమని. యాడుండాడో తెలీక నేను ఈడ సందులన్నీ తిరగతాండా. మీ దేవుడే సెప్పినాడు, సూడు." నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "ఆగస్టులో తంతి తీగెలు కోసిన కేసు ఉండాది కోర్టులో. బుధవారం దాకా నాకు కదిలే తీరిక లేదు. గురువారం కుప్పం పోతా. పోయినప్పుడు ఆయప్ప ఆడుంటే సంకెళ్ళు. పెట్టుకున్న ఇంటాయనకీ సంకెళ్ళే. దాచినందుకు."

పుంజు ఆయన చేతిలో ఒక్కసారి రెక్కలు కొట్టుకుంది.

"అంతకుముందే ఆయప్పే పోయి నిలబడినాడనుకో, నా కాగితం చెత్తలో ఎయ్యొచ్చు. సెప్తాండా. నేను సెప్పినానని సెప్పద్దు."

జ్ఞానమ్మకి అప్పుడు చెప్పాను అంతా. అరవలేదు. గడప మీద కూర్చుండిపోయింది. "నా కోడే పట్టిచ్చింది వాణ్ణి" అంది. కాదు అన్నాను. వినలేదు.

9 నవంబరు, సోమవారం

మా బడి హెడ్‌మిస్ట్రెస్ దొరసానమ్మ నాలుగు రోజులు సెలవిచ్చింది. కారణం అడిగితే కుటుంబ విషయం అన్నాను. వాడితో ఏం చెప్పాలో ఇంకా తెలియదు. పొమ్మని చెప్తే తూర్పుకి పంపుతారు. ఉండమని చెప్తే సంకెళ్ళు, రంగప్పకీ. వాడినే నిర్ణయించుకోమని చెప్పాలి. ఇరవై ఏళ్ళవాడు. అది న్యాయం.

ఎప్పుడూ అట్లాగే కదా చెప్పింది.

10 నవంబరు, మంగళవారం. కుప్పం

బస్సు పలమనేరు దగ్గర రెండు గంటలు ఆగింది. పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఇంటి ముందు పీకిన శెనక్కాయ చెట్ల కుప్ప. ఒకావిడ దాని పక్కన కూర్చుని కాయలు తెంపి గంపలో వేస్తోంది. రంగప్ప భార్య చెంగమ్మ. నన్ను చూసింది, చెయ్యి ఆగలేదు.

"లోతు అడిగిన అమ్మ నువ్వేనా?"

నాకు అర్థం కాలేదు. నా మొహం చూసి ఆమెకి అర్థమైంది, నాకు తెలియదని. తల తిప్పి కేకేసింది, "ఏలీసా, మీ అత్త వచ్చింది. నువ్వే సెప్పుకో. నేను సెప్పను."

వాడు దొడ్డి వైపు నుంచి వచ్చాడు. నల్లబడ్డాడు. గడ్డం. రంగప్ప పంచె కట్టుకున్నాడు. నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

"పోయినేడు నీ జాబు వచ్చింది గదా అత్తా. ఆ యుద్ధం జరిగిన లోయ దగ్గర్లోనే ఉన్నట్టుంది, వీలైతే పోయి చూడు, అంచు ఎట్లుంటుందో, లోతెంతో రాయి అని. మునికృష్ణకు చదివి వినిపించినా. కర్రలతో కొట్టిన ఆడోళ్ళ కథ విని వాడు పడీపడీ నవ్వినాడు. మాయమ్మ గూడా అంతేరా అన్నాడు. ఆదివారం. అక్కడ యుద్ధం అయిపోయింది, బ్రిడ్జి పని లేదు. వాడే తాడు తెచ్చినాడు. గజానికొక ముడి వేసినాం. చివర రాయి కట్టినాం. రెండో కొస చెట్టుకు కట్టినాం. వాడు అంచున పండుకొని వదలతాండాడు, నేను ముడులు లెక్కపెడతాండా. రాయి అడుగు తగిలిందో లేదో సరిగ్గా చూడాల అని ఇంకొంచెం ముందుకు జరిగినాడు. అంచంతా ఉత్త మట్టి. ఊడింది."

చెంగమ్మ కాయలు తెంపుతూనే ఉంది. ఒక్కొక్క కాయా గంపలో పడే చప్పుడు వినబడుతోంది.

"నీకు రాయలేదు. రాస్తే నువ్వు తట్టుకోలేవనుకున్నా."

"అంకె రాశావు."

"అరవై ముడులు, ఇంకా రెండడుగులు. మర్నాడు పోయి తాడు విప్పి కొలిచినా."

"ఎందుకు కొలిచావురా?"

"నువ్వు అడిగినావు గదా అత్తా."

జూన్ నుంచి బెంగుళూరులో ఉండి వాడు ఇంటికి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. సెలవు దొరక్క కాదు. రంగప్ప ఆ రోజు నా వరండాలో కూర్చుని మజ్జిగ తాగినప్పుడు, పటం మీద వేలు పెట్టినప్పుడు, ఇదంతా ఆయనకి తెలుసు. తెలిసే తాగాడు.

ఆ అంకె మద్రాసు చేరి ఉంటుంది.

నేను ఏదో అనాలి, చెంగమ్మతో. క్షమించమనడం కూడా నా సౌకర్యానికే అనిపించింది. చివరికి చెప్పింది గురువారం సంగతి. వరదరాజులు వస్తున్నాడని, ఇక్కడ ఉంటే ఇద్దరికీ సంకెళ్ళని.

"రానీ" అన్నాడు దొడ్డి వైపు నుంచి వచ్చిన రంగప్ప. "నా ఇల్లు. నా ఇష్టం."

"జైల్లో పెడతారు."

"ఆడా కూడు పెడతారులే" అంది చెంగమ్మ. "పిల్లోణ్ణి పంపేది లేదు. ఒకణ్ణి పంపితిమి, సాలు."

ఏలీషా నన్నే చూస్తున్నాడు. "కర్రలతో కొట్టించుకొని వెనక్కి పోయినోళ్ళు ఏమైనారత్తా?"

"గెలిచారని రాశారు."

"గెలిచింది సరే. ఆ మనుషులు?"

"రాయలేదు."

దారి పొడుగునా అనుకున్నది చెప్పడానికి నోరు తెరిచాను. నీ ఇష్టం నాయనా, నువ్వే నిర్ణయించుకో. అది ఎంత పాత మాటో, ఎంత తెలివైన మాటో, ఆ గంప పక్కన నిలబడితే తెలిసింది. ఆ మాట అన్నాను అంటే వాడు లేచి వెళ్తాడు. నేను పంపలేదు, వాడే వెళ్ళాడు అని ఇంటికొచ్చి రాసుకుంటాను.

"ఏలీషా, నాతో రా. బెంగుళూరు పోదాం. నేనే పంపుతున్నాను. అప్పుడూ నేనే పంపాను. నువ్వుగా వెళ్ళలేదు."

"అప్పుడు ఇట్ల చెప్పుంటే నీతో పోట్లాడుండేవాణ్ణి అత్తా."

"ఇప్పుడు పోట్లాడు."

వాడు రంగప్ప వైపు చూశాడు. ఆయన చేతుల వైపు. లేచి లోపలికి పోయి పంచె విప్పి ఖాకీ వేసుకొచ్చాడు. చెంగమ్మ ఉతికి మడిచి పెట్టి ఉంచింది దాన్ని.

రంగప్ప కోసం వెళ్ళాడు, నా కోసం కాదు. ఆయన పేరు చెప్తే వీడు లేస్తాడని నాకు ముందే తెలుసా? తెలుసనుకుంటాను. అన్నిటికంటే ముందు నా చేతికి దొరికిన కర్ర అదే.

11 నవంబరు, బుధవారం. బెంగుళూరు

పొద్దుటి రైలెక్కాం. పచ్చి శెనక్కాయలు ఉడకబెట్టి మూట కట్టి ఇచ్చింది చెంగమ్మ, వాడికి మాత్రమే. నాకు వాడు సగం పెట్టాడు. తిన్నాను.

దారిలో వాడు ఎద్దుల గురించి మాట్లాడాడు. రంగప్ప ఎడమ ఎద్దు మెల్లకన్నుదట, మడకకి కడితే పక్క చాలులోకి పోతుందట. నవ్వాడు. రెండేళ్ళ తర్వాత వాడు నవ్వగా చూశాను.

డిపో గేటు దగ్గర ఆడవాళ్ళని లోపలికి రానివ్వం అన్నారు. నేను కదల్లేదు. చివరికి ఒక సుబేదారు వచ్చాడు, వేలూరు వైపు మనిషి, తెలుగు వచ్చు. ఇరవై నాలుగు రోజులు అన్నాడు కాగితం చూసి. ఎందుకు దిగావని అడిగాడు. ఏలీషా నిటారుగా నిలబడ్డాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. లోయ, తాడు, జాబు.

"మునికృష్ణ నాకూ తెలుసమ్మా" అన్నాడు సుబేదారు. "బాగా నవ్విస్తా ఉండె. వాళ్ళ ఇంటికి పోవాలని నేనూ అనుకున్నా. పోలేదు." టోపీ సర్దుకున్నాడు. "ఇది మాత్రం నేను రాసుకోలేను. రాయడానికి కాగితంలో గడి లేదు."

మధ్యాహ్నం బయటికి వచ్చి చెప్పాడు. ఇరవై ఎనిమిది రోజులు పటాలం జైలు. తర్వాత వచ్చే దళంతో తూర్పుకి.

వాడిని మళ్ళీ చూడనివ్వలేదు.

మిషను హాస్టలులో బస. మద్రాసు కమిటీకి కార్డు రాశాను, లోయ లోతు వాక్యం తీసేయమని. రాసి దగ్గర పెట్టుకున్నాను. తీసేస్తే నా పాపం పుస్తకంలో ఉండదు. మునికృష్ణ కొలిచిన కొలత కూడా ఉండదు. పోస్టు చెయ్యలేదు. చింపనూ లేదు.

12 నవంబరు, గురువారం. కుప్పం

నేరుగా మదనపల్లె పోవచ్చు. కుప్పంలో దిగాను.

వరదరాజులు పొద్దున్నే వచ్చి పోయాడట. సైనికుడు తానే వెళ్ళాడని రాసుకుని, రంగప్ప వేలిముద్ర వేయించుకుని, ఒక సేరు శెనక్కాయలు జేబులో పోసుకుని పోయాడట. రంగప్ప ఇది చెప్పి ఎద్దుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

చెంగమ్మ అక్కడే ఉంది, అదే కుప్ప పక్కన. సగం అయింది.

"ఏం జెప్పినారు ఆడ?"

"ఇరవై ఎనిమిది దినాలు జైలు."

ఆమె చెయ్యి ఆగింది. మొన్నటి నుంచి ఆ చెయ్యి ఆగడం చూడటం అదే మొదటిసారి. నన్ను తిడుతుందనుకున్నాను. అందుకే దిగానేమో కూడా.

"జైల్లో తుపాకులు పేలవు గదా?"

"పేలవు."

"ఆ ఇరవై ఎనిమిది దినాలూ బతికే ఉంటాడు."

"ఉంటాడు."

కూర్చోమనలేదు. కాసేపటికి ఒక చెట్ల మోపు కాలితో నా వైపు జరిపింది. కింద కూర్చున్నాను. కాయ ఎట్లా తెంపాలో నాకు చేతకాలేదు, తొడిమతో సహా వస్తోంది. ఆమె చూసింది, చెప్పలేదు. ఆమె చేతులు చూసి నేర్చుకున్నాను. మునికృష్ణ గురించి అడగాలనుకున్నాను, చిన్నప్పుడు ఎట్లా ఉండేవాడో. అడిగే హక్కు నాది కాదు. ఆమే చెప్తే వింటాను.

పొద్దు వాలేముందు, తల ఎత్తకుండా అడిగింది.

"ఎన్నో తేదీకి వదలతారు?"

"డిసెంబరు తొమ్మిది. బుధవారం."

బుధవారం, అని తనలో తాను అనుకుంది. రెండు చేతులతో కాయలు తెంపుతూనే, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది. నేనూ లెక్కపెట్టాను. అంతవరకు వాడెక్కడున్నాడో మా ఇద్దరికీ తెలుసు.